కేర్ హోమ్ ఉద్యోగం, చేతిలో పాత డిగ్రీ... మళ్లీ డిగ్రీలో చేరాలా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మేం ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో ఉంటాం, స్కూలుకెళ్లే చిన్న పాప ఉంది. ఏడేళ్లయింది వచ్చి, పోయినేడాది ఐఎల్ఆర్ (ఇక్కడే శాశ్వతంగా ఉండే అనుమతి) కూడా వచ్చింది. నాకు 35. ఊళ్లో బీజెడ్‌సీ గ్రూపుతో బీఎస్సీ చదివాను. నాలుగేళ్లుగా ఇక్కడ ఒక కేర్ హోమ్‌లో కేర్ అసిస్టెంట్‌గా చేస్తున్నాను. ఈ మధ్య ఒక ఏజెంట్ ఫోన్ చేసి హెల్త్ అండ్ సోషల్ కేర్ డిగ్రీలో చేరమంటున్నాడు. వారానికి రెండు రోజులే క్లాసులట, ఇంటి ఖర్చులకిచ్చే మెయింటెనెన్స్ లోన్ చేతికొస్తుందట, పాత డిగ్రీ సంగతి మాత్రం ఫామ్‌లో రాయొద్దట. ఇది చదివితే నర్సుని గానీ సోషల్ వర్కర్ని గానీ అవుతానా? మా మేనేజరేమో డిగ్రీ ఎందుకు, లెవెల్ 5 డిప్లొమా చెయ్యి అంటోంది. మా ఆయన ఈ వయసులో చదువేంటి అంటున్నారు. ఇంగ్లిష్ మాట్లాడటం వచ్చు గానీ పేజీలకు పేజీలు రాయాలంటే చచ్చే భయం. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు ఆ ఏజెంట్ సంగతి తేల్చేద్దాం. పాత డిగ్రీ దాచమన్నవాడి ఫోన్ మళ్లీ ఎత్తొద్దు. లోన్ దరఖాస్తులో అబద్ధం రాస్తే అది మీ సంతకంతో ఉన్న అబద్ధం, అతని పేరు అందులో ఎక్కడా ఉండదు. రేపు బయటపడితే తీసుకున్నదంతా తిరిగి కట్టమనేది మిమ్మల్నే, అతను ఈలోపు తన కమిషన్ తీసుకుని ఇంకో ఇంటికి ఫోన్ చేస్తుంటాడు. "వారానికి రెండు రోజులే, డబ్బు చేతికి" అనే మాట మన వాళ్లలోనే కాదు, ఇక్కడ స్థిరపడిన చాలా సముదాయాల్లో తిరుగుతోంది. యూనివర్సిటీ పేరు మీద వేరే ప్రైవేటు కాలేజీలు పాఠాలు చెప్పే ఫ్రాంచైజీ కోర్సుల్లో లోన్ల దుర్వినియోగం మీద ఇక్కడి నేషనల్ ఆడిట్ ఆఫీస్ 2024 జనవరిలో ఏకంగా ఒక నివేదికే ఇచ్చింది. అలాంటి కాలేజీలన్నీ మోసమని కాదు, బాగా చెప్పేవీ ఉన్నాయి, కానీ కోర్సు మంచిదైతే దాన్ని "డబ్బు చేతికొస్తుంది" అని అమ్మాల్సిన పనేముంది?

ఇక అసలు ప్రశ్న. హెల్త్ అండ్ సోషల్ కేర్ డిగ్రీ చదివితే నర్సు అవుతారా? అవ్వరు. సోషల్ వర్కర్? అదీ అవ్వరు. మూడేళ్లు చదివి ఫస్ట్ క్లాసులో పాసైనా అవ్వరు. నర్సు కావాలంటే నర్సుల రిజిస్టర్ చూసే ఎన్ఎంసీ ఆమోదించిన నర్సింగ్ కోర్సే చదవాలి, సోషల్ వర్కర్ కావాలంటే ఇంగ్లండ్‌లో సోషల్ వర్క్ ఇంగ్లండ్ అనే సంస్థ ఆమోదించిన కోర్సే చదవాలి, ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా సాయపడటం) లాంటివాటికి హెచ్‌సీపీసీ అనే సంస్థ ఉంది. సోషల్ వర్క్ ఇంగ్లండ్ రిజిస్టర్‌లో పేరు లేకుండా సోషల్ వర్కర్ అని చెప్పుకోవడం కూడా చట్టరీత్యా కుదరదు. ఈ ఒక్క ముక్క తెలియక డిగ్రీ పట్టా పట్టుకుని ఆ ఉద్యోగాలకు దరఖాస్తు చేసి, షార్ట్‌లిస్ట్ కూడా కాక, "మా కలర్ చూసి తీసుకోలేదేమో" అని బాధపడేవాళ్లున్నారు. వివక్ష లేదని నేననను, ఉంది, కానీ ఇక్కడ జరిగింది అది కాదు. ఉద్యోగ ప్రకటనలో "తప్పనిసరి" అన్న చోట రిజిస్ట్రేషన్ అని ఉంటుంది, అది మన దగ్గర లేదు, అంతే.

అందుకే కోర్సు పుస్తకం తెరవక ముందే ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) జాబ్స్ సైటూ, మీ కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) ఉద్యోగాల పేజీ తెరవండి. మీకు నచ్చిన పని ఏదో వెతికి, దాని పర్సన్ స్పెసిఫికేషన్, అంటే ఆ పనికి ఏ అర్హతలు కావాలో చెప్పే కాగితం, చదవండి. ఆ పని ఏం అడుగుతోందో అదే చదవాలి. మనం తరచూ ముందు కోర్సులో చేరిపోయి, పాసయ్యాక దీనితో ఏం ఉద్యోగం వస్తుందని అడుగుతాం.

అలాగని ఈ డిగ్రీ పనికిరాదని అనుకోవద్దు. ఇందులో ఏం నేర్పుతారో చెప్తాను, మీకే అర్థమవుతుంది.

మీ కేర్ హోమ్‌లో ఒకావిడ ఉంటుంది అనుకోండి, డిమెన్షియా. పొద్దున స్నానానికి రమ్మంటే రానంటుంది. మీరు రెండుసార్లు అడిగి, టీ ఇచ్చి, మళ్లీ అడిగి, చివరికి నోట్స్‌లో "పర్సనల్ కేర్ వద్దన్నారు" అని రాసి షిఫ్ట్ దిగిపోతారు. రోజూ జరిగేదే. క్లాసులో దీన్నే పట్టుకుని ఓ గంట పీకుతారు. మెంటల్ కెపాసిటీ యాక్ట్ 2005 ఏమంటుందంటే, ఒక మనిషికి నిర్ణయం తీసుకునే సామర్థ్యం లేదని రుజువయ్యేదాకా ఉందనే అనుకోవాలి. మనకు తెలివితక్కువగా కనిపించే నిర్ణయం తీసుకున్నంత మాత్రాన సామర్థ్యం లేదని తేల్చేయకూడదు. ఆ సామర్థ్యం కూడా గంపగుత్తగా ఉండటమో పోవడమో కాదు, ఏ విషయానికి ఆ విషయం, ఏ సమయానికి ఆ సమయం చూడాలి: ఆవిడ ఇల్లు అమ్మే పత్రాల మీద సంతకం పెట్టలేకపోవచ్చు గానీ ఈ పూట స్నానం వద్దని చెప్పగలదు. మరి వారం రోజులు వద్దంటే? ఒళ్లు పాచిపోయి పుండ్లు పడితే అది ఆవిడ హక్కా, మన నిర్లక్ష్యమా? ఆవిడ వద్దంటున్నది స్నానాన్నా, లేక మగ కేరర్‌నా, చల్లగా ఉన్న బాత్‌రూమ్‌నా, మనిషిని ఎత్తే హోయిస్ట్ అంటే భయమా? ఇదంతా మీకు చేతులతో తెలుసు. దాన్ని చట్టం భాషలో, ఎథిక్స్ భాషలో, కుటుంబంతోనూ డాక్టరుతోనూ వాదించగలిగే భాషలో చెప్పడం ఈ డిగ్రీ నేర్పుతుంది. పద్దెనిమిదేళ్ల పిల్లలు పుస్తకంలో చదివి ఊహించుకోవాల్సింది మీరు నాలుగేళ్లుగా చూస్తున్నారు.

ఇంకోటి, అసలు ఈ హెల్త్, సోషల్ కేర్ అని రెండు ముక్కలెందుకు ఉన్నాయో తెలుసా? 1948 జూలై 5న ఎన్‌హెచ్‌ఎస్ మొదలైంది, వైద్యం ఉచితం. అదే రోజున నేషనల్ అసిస్టెన్స్ యాక్ట్ కూడా అమల్లోకి వచ్చింది, దాని కింద వృద్ధుల ఆశ్రయం, చూసుకోవడం కౌన్సిళ్ల చేతికి పోయాయి, అక్కడ మాత్రం మనిషి దగ్గరున్న డబ్బు లెక్క చూసి ఛార్జీ. ఆ గీత ఈరోజుకీ ఉంది. అందుకే క్యాన్సర్ వస్తే ఆసుపత్రి బిల్లు ఉండదు గానీ, డిమెన్షియాతో కేర్ హోమ్‌కి వస్తే ఇల్లు అమ్ముకోవాల్సి రావచ్చు. ఇంగ్లండ్‌లో 23,250 పౌండ్లకు పైన ఆస్తి ఉన్నవాళ్లు తమ ఖర్చు తామే పెట్టుకోవాలి, ఆ అంకె 2010 నుంచీ కదల్లేదు. మీ రెసిడెంట్ల పిల్లలు ఆఫీసు గదిలో మేనేజర్‌తో గొడవ పడుతుంటారే, సగం గొడవలకు మూలం ఈ గీతే. ఆసుపత్రిలో వైద్యం అయిపోయినా ఇంటికి పంపడానికి కేర్ ప్యాకేజీ దొరక్క ముసలివాళ్లు బెడ్ మీదే ఉండిపోతారే, దానికీ పెద్ద కారణం ఇదే. స్కాట్లాండ్‌లో 2002 నుంచి వృద్ధులకు పర్సనల్ కేర్ ఉచితం, ఉత్తర ఐర్లండ్‌లో 1970ల నుంచే రెండూ ఒకే గొడుగు కింద ఉన్నాయి, అయినా అక్కడా ఇబ్బందులున్నాయి. ఎందుకు అని అడిగే అలవాటు ఉన్నవాళ్లకు ఈ సబ్జెక్టు చాలా బాగుంటుంది. నాకైతే డిటెక్టివ్ నవలలా ఉంటుంది, మా ఇంట్లో వాళ్లకి అలా అనిపించదు, అది వేరే విషయం.

సేఫ్‌గార్డింగ్ (బలహీనులను హింస నుంచి కాపాడటం) అనే మాట మీకు ట్రైనింగ్‌లో అరగంట వీడియోగా వచ్చి ఉంటుంది. యూనివర్సిటీలో అది కేసుల చరిత్రగా వస్తుంది. విక్టోరియా క్లింబీ అనే ఎనిమిదేళ్ల పాప 2000లో లండన్‌లో చనిపోయింది. ఒంటి మీద 128 గాయాలు. కౌన్సిళ్లు, ఆసుపత్రులు, పోలీసులు, అందరి దగ్గరికీ ఆ పిల్ల కేసు వెళ్లింది, పన్నెండు సందర్భాల్లో కాపాడగలిగి ఉండేవారని 2003లో లార్డ్ లామింగ్ విచారణ తేల్చింది, దాని తర్వాతే చిల్డ్రన్ యాక్ట్ 2004 వచ్చింది. బ్రిస్టల్ దగ్గర వింటర్‌బోర్న్ వ్యూ అనే ప్రైవేటు ఆసుపత్రిలో మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్లను సిబ్బంది కొట్టి హింసించడం 2011లో బీబీసీ రహస్య కెమెరాతో బయటపెట్టింది. ఇవి చదవడం తేలిక కాదు, కొన్ని రాత్రులు నిద్ర పట్టదు. ఇంట్లో చిన్నపిల్ల ఉందని రాశారు కాబట్టి ముందే చెప్తున్నాను.

సరే, ఈ డిగ్రీతో ఏ ఉద్యోగాలు వస్తాయి? కేర్ కోఆర్డినేటర్, కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ అక్కర్లేని అసెస్‌మెంట్ ఆఫీసర్ ఉద్యోగాలు, ఫ్యామిలీ సపోర్ట్ వర్కర్, జీపీ సర్జరీల్లో (ఫ్యామిలీ డాక్టర్ల క్లినిక్కుల్లో) సోషల్ ప్రిస్క్రైబింగ్ లింక్ వర్కర్, చారిటీలు, హౌసింగ్, పబ్లిక్ హెల్త్ ప్రాజెక్టులు, కొన్నాళ్లకు కమిషనింగ్ (ఏ సేవలు కావాలో చూసి ఏర్పాటు చేసే పని) వైపు. మంచి పనులే. చాలావాటికి డిగ్రీ ఉంటే మేలు అంటారు తప్ప ఈ డిగ్రీయే కావాలని అనరు.

ఇక్కడే మీరు గమనించని సంగతి ఒకటుంది. మీ దగ్గర డిగ్రీ ఉంది కదా! అది బీజెడ్‌సీ అయినా, ఎన్నేళ్ల కిందటిదైనా, డిగ్రీ డిగ్రీయే. యూకే ఎనిక్ అనే సంస్థ దగ్గర దాన్ని ఇక్కడి స్థాయితో పోల్చి పత్రం ఇప్పించుకోండి. దానికి తగ్గ మార్కులుంటే రెండేళ్ల ఎంఏ సోషల్ వర్క్‌కి ఏ సబ్జెక్టు డిగ్రీతోనైనా దరఖాస్తు చేయొచ్చు. ఆక్యుపేషనల్ థెరపీకి రెండేళ్ల ఎంఎస్సీలున్నాయి. నర్సింగ్‌కి కూడా గ్రాడ్యుయేట్ల కోసం రెండేళ్ల ఎంఎస్సీ ఉంది, అక్కడ మీ జువాలజీ, మీ నాలుగేళ్ల కేర్ అనుభవం రెండూ లెక్కలోకి రావచ్చు. అంటే ఏజెంట్ చెప్పిన దారిలో మూడేళ్లు చదివినా చేతికి రాని రిజిస్ట్రేషన్, ఇటు రెండేళ్లలో రావచ్చు. పైగా పాత డిగ్రీ దాచమని చెప్పాడు చూడండి, మీకున్న ఆస్తి అదొక్కటే!

ఎందుకు దాచమన్నాడో కూడా చెప్తాను. ఇంగ్లండ్‌లో ఇప్పటికే డిగ్రీ ఉన్నవాళ్లకు, అది ఏ దేశంలో చదివినా, మళ్లీ అదే స్థాయి డిగ్రీకి మామూలుగా ట్యూషన్ ఫీజు లోన్ రాదు. కానీ నర్సింగ్, మిడ్‌వైఫరీ, ఆక్యుపేషనల్ థెరపీ లాంటివాటికి మినహాయింపు ఉంది, రెండో డిగ్రీ అయినా లోన్ ఇస్తారు, పైగా ఎన్‌హెచ్‌ఎస్ లెర్నింగ్ సపోర్ట్ ఫండ్ కింద అర్హులకు ఏడాదికి 5,000 పౌండ్లు గ్రాంటు, పిల్లలున్నవాళ్లకు ఇంకొంత. అది తిరిగి కట్టక్కర్లేదు. హెల్త్ అండ్ సోషల్ కేర్ డిగ్రీకి ఆ గ్రాంటు లేదు. సోషల్ వర్క్‌కి వేరే బర్సరీ (తిరిగి కట్టక్కర్లేని సాయం) ఉంది, అందరికీ రాదు, పరిమితం. 2027 జనవరి నుంచి మొదలయ్యే కోర్సులకు లైఫ్‌లాంగ్ లెర్నింగ్ ఎన్‌టైటిల్‌మెంట్ అనే కొత్త పద్ధతి వస్తోంది, పాత డిగ్రీల లెక్క అందులో మారుతుంది కాబట్టి మీరు చేరే కోర్సు తేదీ చెప్పి స్టూడెంట్ ఫైనాన్స్ ఇంగ్లండ్‌నే నేరుగా అడగండి. ఫీజు మాత్రం మీకు హోమ్ ఫీజే పడాలి, ఐఎల్ఆర్ ఉంది, మూడేళ్లకు పైగా ఇక్కడే ఉంటున్నారు. 2025-26లో డిగ్రీకి ఆ గరిష్ఠం 9,535 పౌండ్లు. మాస్టర్స్ ఫీజు మాత్రం ఒక్కో యూనివర్సిటీలో ఒక్కోలా ఉంటుంది, అడిగి తెలుసుకోవాలి.

లోన్ అంటే మన ఇళ్లల్లో టెన్షన్ ఎక్కువ. ఇక్కడి డిగ్రీ లోన్ బ్యాంకు లోన్ లాంటిది కాదు. ఇప్పటి ప్లాన్ 5 ప్రకారం ఏడాదికి 25,000 పౌండ్లకు పైన సంపాదించిన దాని మీదే 9 శాతం కడతారు. 26,000 జీతమైతే ఏడాదికి 90 పౌండ్లు. నలభై ఏళ్ల తర్వాత మిగిలింది కొట్టేస్తారు. అలాగని ఉచితం కాదు, వడ్డీ ఉంది, చేతికొచ్చే మెయింటెనెన్స్ డబ్బు కూడా అప్పే. ఇంట్లో ఇద్దరూ కూర్చుని లెక్క రాసుకోండి.

మీ మేనేజర్ చెప్పింది కూడా కొట్టిపారేయొద్దు. కేర్ హోమ్ నడపడమే మీకిష్టమైతే, డిప్యూటీ, ఆ తర్వాత కేర్ హోమ్‌లను తనిఖీ చేసే సీక్యూసీ దగ్గర రిజిస్టర్డ్ మేనేజర్, ఆ దారిలో అడిగేది లెవెల్ 5 లీడర్‌షిప్ అండ్ మేనేజ్‌మెంట్ డిప్లొమానే, డిగ్రీ కాదు. ఉద్యోగం చేస్తూ చేయొచ్చు, ఖర్చు తక్కువ. ఆవిడ స్వార్థం కొంత ఉండొచ్చు, మంచి కేరర్ పోతే రోటా (షిఫ్టుల పట్టిక) నింపుకోలేక చస్తుంది, అయినా సలహా తప్పు కాదు. అలాగే నర్సింగ్ వైపు మనసుండి, రెండేళ్లు జీతం లేకుండా ఉండలేం అనుకుంటే నర్సింగ్ అసోసియేట్ అప్రెంటిస్‌షిప్ చూడండి. ఇంగ్లండ్‌లో 2019 నుంచి వాళ్లు కూడా ఎన్ఎంసీ రిజిస్టర్‌లో ఉంటారు. రెండేళ్లు జీతం తీసుకుంటూ చదువుతారు, తర్వాత కావాలంటే పూర్తి నర్సు కోర్సుకి వెళ్లొచ్చు. మీ హోమ్ ఒప్పుకోకపోతే దగ్గర్లోని ఎన్‌హెచ్‌ఎస్ ట్రస్టు ప్రకటనలు చూస్తుండండి.

రిజిస్ట్రేషన్ ఇచ్చే కోర్సుల్లో ఒక ఇబ్బంది ఉంది, అది ఇప్పుడే తెలియాలి. ప్లేస్‌మెంట్, అంటే చదువులో భాగంగా పనిచోట శిక్షణ. నర్సింగ్‌కి మొత్తం మీద 2,300 గంటలు వార్డుల్లో, కమ్యూనిటీలో పనిచేయాలి, గ్రాడ్యుయేట్ల కోర్సులో మీ పాత అనుభవాన్ని అందులో కొంత తగ్గించుకునే వీలుంటుంది. సోషల్ వర్క్‌కి 200 రోజులు, నైపుణ్యాల శిక్షణ రోజులతో కలిపి. అంటే వారానికి రెండు రోజులు కాదు, కొన్ని నెలలపాటు పూర్తి వారం, నర్సింగైతే రాత్రి షిఫ్టులు కూడా, అదీ జీతం లేకుండా. పాపని స్కూల్ నుంచి ఎవరు తెస్తారు? మీ ఆయన "ఈ వయసులో చదువేంటి" అనడం వెనక ఉన్నది ఈ ప్రశ్నే అని నా అనుమానం. 35 వయసా ఏమన్నానా, సోషల్ వర్క్ క్లాసులో నలభై దాటినవాళ్లు బోలెడంత మంది. ఆయనతో వయసు గురించి వాదించకండి. టైమ్‌టేబుల్ ముందు పెట్టి, పొద్దున ఏడున్నరకు మీరు ప్లేస్‌మెంట్‌కి వెళ్లిపోయే వారాల్లో ఇల్లెలా నడుస్తుందో మాట్లాడండి. ఇంటి నుంచి పనిచేసే రోజులు మార్చుకోగలరా, బ్రేక్‌ఫాస్ట్ క్లబ్ ఉందా, అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద కొన్నాళ్లు వస్తే పాపకి తోడుంటారు గానీ దాన్ని నమ్ముకుని రెండేళ్ల ప్లాన్ వేయకండి.

రాయడం గురించి. భయం సహజం, కానీ మీరు రోజూ రాస్తూనే ఉన్నారు. కేర్ నోట్స్, ఇన్సిడెంట్ ఫామ్, హ్యాండోవర్: ఎప్పుడు, ఏం జరిగింది, నేనేం చేశాను. రిఫ్లెక్టివ్ అసైన్‌మెంట్ అంటే దాని మీద ఇంకో రెండు పొరలు: నేను అలా ఎందుకు చేశాను, పరిశోధన ఏమంటోంది, ఇంకోసారైతే ఏం మారుస్తాను. 1988 నాటి గిబ్స్ సైకిల్ అని ఒక చట్రం ఇస్తారు, అందులో నింపుకుంటూ పోవడమే. మన చదువుల్లో "నేను" అని రాస్తే మార్కులు పోయేవి, ఇక్కడ ఈ రకం వ్యాసంలో "నేను" లేకపోతే పోతాయి, అది అలవాటు కావడానికి మాత్రం టైమ్ పడుతుంది. రిఫరెన్సింగ్ (ఏ మాట ఎక్కడి నుంచి తెచ్చామో చూపడం) చిరాకు పని, కష్టం కాదు. యూనివర్సిటీలో రైటింగ్ సపోర్ట్ వాళ్లు ఉంటారు, ఉచితం, మొహమాటం లేకుండా మొదటి వారమే వెళ్లాలి. డబ్బులిస్తే అసైన్‌మెంట్ రాసిస్తామని మెసేజ్‌లు వస్తాయి, వాటి జోలికి పోవద్దు. ఆ వ్యాపారం చేయడం ఇంగ్లండ్‌లో 2022 చట్టంతో నేరమైంది, దొరికితే చదువు పోయేది మీకు, ఆ పైన రిజిస్ట్రేషన్ అడిగేటప్పుడు మీ నిజాయితీ గురించి అడుగుతారు. ఎంట్రీకి ఐఈఎల్‌టీఎస్ అడిగితే చాలా యూనివర్సిటీలు ఈ కోర్సులకు 7 దాకా అడుగుతాయి. జీసీఎస్ఈ (ఇక్కడి పదో తరగతి లాంటి పరీక్ష) మ్యాథ్స్, ఇంగ్లిష్‌కి సమానమైనవి కావాలంటే పెద్దవాళ్ల కోసం ఫంక్షనల్ స్కిల్స్ లెవెల్ 2 క్లాసులు ఉంటాయి, మీ దగ్గరి కాలేజీలో అడగండి, అర్హత ఉంటే ఫీజు లేకుండానే.

ఇండియా నుంచి ఇదే కోర్సుకి రావాలనుకుంటూ ఈ జవాబు చదువుతున్నవాళ్లకు రెండు మాటలు, ఎందుకంటే వాళ్ల ఉత్తరాలూ చాలా వస్తున్నాయి. పైన చెప్పిన లోన్లు, గ్రాంట్లు, హోమ్ ఫీజు మీకు వర్తించవు. ఈ కోర్సు చేస్తే కేర్ వీసా గ్యారంటీ అని చెప్పేవాళ్లను నమ్మకండి. విదేశాల నుంచి కేర్ వర్కర్లను తీసుకునే దారిని 2025 జూలై 22న మూసేశారు, ఇప్పటికే ఇక్కడున్నవాళ్లకు షరతులతో 2028 జూలై దాకా ఉంచారు, అంతే. 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్‌కి భార్యనో భర్తనో పిల్లల్నో తెచ్చుకోవడం కుదరదు. చదువయ్యాక ఉండే గ్రాడ్యుయేట్ వీసా కూడా 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే డిగ్రీ, మాస్టర్స్ వాళ్లకు పద్దెనిమిది నెలలే. పొలం అమ్మి రావాల్సిన కోర్సు ఇది కాదు.

మళ్లీ మీ దగ్గరికి. నన్నడిగితే, మీ షిఫ్టులో మీకు ఏ పని ఎక్కువ ఇష్టమో చూసుకోండి. డ్రెస్సింగ్ మార్చడానికి డిస్ట్రిక్ట్ నర్సు వస్తే పక్కనే నిలబడి ప్రశ్నలడుగుతారా? నర్సింగ్. కొడుకూ కూతురూ అమ్మ గురించి గొడవ పడుతుంటే మధ్యలోకి వెళ్లాలనిపిస్తుందా, ఎవరిది న్యాయం అని ఇంటికొచ్చాక కూడా ఆలోచిస్తారా? సోషల్ వర్క్. స్ట్రోక్ వచ్చిన తాతగారు మళ్లీ తన కప్పు తానే పట్టుకున్నాడని సంబరపడతారా? ఆక్యుపేషనల్ థెరపీ. రోటా సరిగ్గా కుదిరితే హాయిగా ఉంటుందా? మీ మేనేజర్ మాట వినండి. ఇవేవీ కాదు, అసలీ వ్యవస్థ ఎందుకిలా ఉందో తెలుసుకోవాలి, పాలసీ వైపో చారిటీల వైపో వెళ్లాలి అంటే అప్పుడు హెల్త్ అండ్ సోషల్ కేర్ చదవండి, కానీ ఏజెంట్ లేకుండా, మాస్టర్స్ స్థాయిలో, అదీ యూనివర్సిటీ సొంత క్యాంపస్‌లో.

మీ ఉత్తరం తీరు చూస్తే మీది సోషల్ వర్కేమో అనిపిస్తోంది, అందరి మాటా విని అందరి వైపు నుంచీ రాశారు. తేల్చుకునే ముందు కౌన్సిల్ అడల్ట్ సోషల్ కేర్ టీమ్ నుంచి మీ హోమ్‌కి రివ్యూలకు వచ్చే సోషల్ వర్కర్‌ని పట్టుకుని, పనిలో ఫోన్లెన్ని, కంప్యూటర్ ముందు గంటలెన్ని అని అడగండి. చాలామందికి ఆ జవాబు నచ్చదు. నచ్చితే ఎనిక్ పత్రం, ఊళ్లో కాలేజీ మార్కుల మెమోలు ఈ నెలలోనే తెప్పించుకోండి, అక్కడి నుంచి కాగితాలు రావడానికి పట్టే టైమ్ మీకు తెలియంది కాదు. మాస్టర్స్ సోషల్ వర్క్ సీట్లకు ఇంటర్వ్యూలు ఉంటాయి, సీట్లు నిండితే ముందే మూసేస్తారు.